పటాల్లో పట్టణాలు – 7: మూడు డకట్ల వెనిస్

పోయిన భాగంలో జెరూసలేం యాత్రకు బయల్దేరిన జర్మన్ బృందంతో పాటు వెనిస్ దాకా వచ్చి ఆగాం. ఆ బృందంలో ఎర్హార్డ్ రాయ్‌విష్ అనే చిత్రకారుడు ఉన్నాడనీ, అతను గీసిన వెనిస్ బొమ్మ 1486లో మెయింజ్‌లో అచ్చయిన యాత్రా పుస్తకంలోకి ఎక్కిందనీ, మడతలు విప్పితే అది ఐదడుగులు దాటి సాగుతుందనీ చెప్పుకున్నాం. ఆ తర్వాత 1493లో నూరెంబర్గ్‌లో వచ్చిన లావుపాటి ప్రపంచ చరిత్ర గురించి కూడా. అందులో 1809 బొమ్మలుంటే వాటిని అచ్చువేసిన చెక్కలు 645. ఒకే కోట, ఒకే గోడ, ఒకే చర్చి నాలుగైదు ఊళ్ల పేర్లతో పేజీ పేజీకీ తిరిగి వస్తుంటాయి. బొమ్మ కింద ఏ పేరు రాసి ఉంటే అదే ఆ ఊరనుకుని పాఠకులు సర్దుకుపోయిన రోజులవి.

ఆ సర్దుబాటు ఇక చెల్లదని తేల్చిన పటం ఈ వారం కథ.

1500 అక్టోబర్ 30. వెనిస్ ప్రభుత్వం ముందుకు ఒక అర్జీ వచ్చింది. పెట్టుకున్నవాడు ఆంటన్ కోల్బ్. నూరెంబర్గ్ మనిషి, వెనిస్‌లో స్థిరపడి వ్యాపారం చేసుకుంటున్నవాడు. తాను ఈ మహానగరం కీర్తి కోసం నగరాన్ని ఉన్నదున్నట్టుగా గీయించి అచ్చు వేయించాననీ, దానికి మూడేళ్లు పట్టిందనీ విన్నవించుకున్నాడు. ఇంత కచ్చితమైన చిత్రం గీయడం ఎంత కష్టమో, ఇంత పెద్ద కాగితం ఇంతకుముందు ఎవరూ చేయలేదని, ఇంత పెద్ద అచ్చు వేసే విద్య కొత్తదని ఏకరువు పెట్టాడు. తరవాత అసలు సంగతికి వచ్చాడు. నాలుగేళ్లపాటు దీన్ని ఇంకెవరూ కాపీ కొట్టకూడదు. సుంకం లేకుండా దీన్ని ఎక్కడికైనా తీసుకుపోయి అమ్ముకోనివ్వాలి. ఒక్కో ప్రతి వెల మూడు డకట్లు.

డకట్ అంటే వెనిస్ బంగారు నాణెం. కూలి చేసుకునేవాడికి మూడు డకట్లు కొన్ని వారాల రెక్కల కష్టం. గోడకు అతికించుకునే కాగితానికి ఆ ధర పెట్టాడంటే కోల్బ్ ఎవరికి అమ్మాలనుకున్నాడో తెలుస్తూనే ఉంది. ప్రభువులకు, పెద్ద వర్తకులకు, ఒకప్పుడు వెనిస్ చూసి వెళ్లి ఇంటి దగ్గర ఆ గొప్పలు చెప్పుకునే పరదేశీయులకు.

నాలుగేళ్ల హక్కు అతనికి దక్కింది. అర్జీ మటుకు ఇవాళ చదివినా ఒకచోట ఆగిపోతాం. కాగితం కొలత ఉంది, పట్టిన కాలం ఉంది, పడ్డ కష్టం ఉంది, వెల ఉంది. బొమ్మ గీసినవాడి పేరు లేదు.

* * *

పేరు లేకపోవడంతో చాలాకాలం ఈ పటాన్ని జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఖాతాలో వేశారు. ఇంత పెద్ద పని ఇంకెవరు చేయగలరన్న తర్కం. చివరికి గుట్టు విప్పింది ఆకాశంలో కూర్చున్న దేవుడి చేతి కర్ర. పటం పైభాగాన మబ్బుల మీద మెర్క్యురీ ఉన్నాడు. రోమన్ల వర్తక దేవుడు, దూత. అతని చేతిలో రెండు పాములు చుట్టుకున్న దండం. సరిగ్గా అదే దండాన్ని తన రాగి చెక్కడాల మూల సంతకానికి బదులుగా పెట్టుకునే కళాకారుడు ఒకడున్నాడు. జకోపో డె బార్బరి. కోల్బ్‌కు అతనంటే ప్రాణం. గీత తీరు కూడా కలిసింది. ఈనాడు దాదాపు అందరూ అతని పేరే చెబుతారు.

జకోపో పుట్టిన ఏడు కచ్చితంగా తెలియదు. 1460 తర్వాత, 1470లోపు అని అంచనా. పేరులో ‘బార్బరి’ ఉన్నంత మాత్రాన వెనిస్ దొరల వంశమైన బార్బరోలకు చుట్టం కాడు. జర్మన్లు అతన్ని యాకోబ్ వాల్ఖ్ అన్నారు, అంటే దక్షిణాది లాటిన్ మనిషి అని. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి కొంచెం పరాయివాడిగానే బతికాడు. పటం అమ్మకానికి వచ్చేనాటికి వెనిస్‌లో లేడు కూడా. అదే 1500 ఏప్రిల్‌లో నూరెంబర్గ్‌లో మాక్సిమిలియన్ చక్రవర్తి కొలువులో చేరిపోయాడు.

ఇక్కడే డ్యూరర్ కథలోకి వస్తాడు. నూరెంబర్గ్ కంసాలి కొడుకు, అప్పటికే పేరు మోగుతున్నవాడు. జకోపో తనకు ఒక పురుషుడి బొమ్మ, ఒక స్త్రీ బొమ్మ చూపించాడనీ, అవి కొలతలు కట్టి గీసినవనీ, ఆ కొలతల రహస్యం మాత్రం చెప్పలేదనీ చాలా ఏళ్ల తర్వాత డ్యూరరే రాసుకున్నాడు. ఆ రహస్యాన్ని సొంతంగా పట్టుకోవాలన్న పంతం అతన్ని జీవితాంతం వదల్లేదు. ప్రాచీన రోమన్ వాస్తు శాస్త్రం తిరగేశాడు, మనుషుల్ని కొలిచాడు, చివరికి ఆ విషయం మీద పుస్తకమే రాశాడు. ఒక ముక్క దాచుకున్న జకోపో, తెలియకుండానే ఒక గ్రంథకర్తను తయారు చేశాడన్నమాట.

1506 ఫిబ్రవరిలో డ్యూరర్ వెనిస్ నుంచి తన మిత్రుడు పిర్క్‌హైమర్‌కు రాసిన ఉత్తరంలో కసి కొంచెం బయటపడింది. దేశం పట్టిపోయిన జకోపో కంటే మంచి చిత్రకారులు ఇక్కడ చాలామంది ఉన్నారని రాశాడు. కోల్బ్ మాత్రం భూమ్మీద జకోపోను మించినవాడు లేడని ఒట్టు పెట్టుకుంటాడట. మిగతావాళ్లు నవ్వుతారట: అంతటివాడైతే ఇక్కడే ఉండేవాడుగా అని. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మన సామెత వెనిస్ వీధుల్లో అలా వినిపించింది. నాకైతే ఆ ఉత్తరంలో డ్యూరర్ కంటే కోల్బే ఎక్కువ నచ్చుతాడు. పటం వచ్చి ఐదేళ్లు దాటింది, చిత్రకారుడు ఊళ్లో లేడు, నలుగురూ నవ్వుతున్నారు. పెట్టుబడి పెట్టినవాడు ఇంకా ఒట్లు పెడుతూనే ఉన్నాడు.

* * *

ఇంతకీ పటం ఎలా ఉంటుంది? ఆరు కాగితాలు, పైన మూడు, కింద మూడు. అతికిస్తే దాదాపు 2.8 మీటర్ల వెడల్పు, 1.35 మీటర్ల ఎత్తు. ఇద్దరు మనుషులు చెరో పక్కా పట్టుకుంటే గానీ విప్పలేరు. ఆరు కాగితాలకు ఆరు చెక్కలు.

చదునైన చెక్క మీద బొమ్మ తిరగేసి ఉండాలి; అద్దంలో చూసినట్టు. గీత ఉన్నచోట చెక్కను వదిలేసి, గీత లేనిచోటంతా ఉలితో తీసేస్తారు. మిట్టగా మిగిలిన గీతకు సిరా పూసి కాగితం ఒత్తుతారు. అద్దకం అచ్చులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. రాగి రేకు మీద చెక్కడం ఇందుకు తలకిందులు. అక్కడ గీతే పల్లం, సిరా ఆ పల్లంలో దిగుతుంది. రాగి మీద వెంట్రుకలాంటి గీత సులువు. చెక్క మీద వెంట్రుకలాంటి గీత నిలబెట్టాలంటే దానికి అటూ ఇటూ ఉన్న చెక్కనంతా తొలగించి, ఆ సన్నని గోడను విరక్కుండా కాపాడాలి. వెనిస్ పటంలో అలాంటి గోడలు ఎన్ని వేలో. ఒక్కో ఇంటి పొగగొట్టం, పైన బోర్లించిన గంటలా వెడల్పైన దాని మూతి, దాని నీడ వైపు నాలుగు గీతలు. కిటికీలు. పెంకుల వరుసలు. నీటి మీద అలలు. చర్చి పేర్లన్నీ ఎడమకు కుడి తిరగేసి చెక్కాలి. ఆ ఉలి పట్టిన చేతుల పేర్లు అర్జీలోనూ లేవు, పటం మీదా లేవు.

మనిషి గాలిలోకి లేచింది 1783లో, అదీ పారిస్‌లో బెలూన్ ఎక్కి. అంతకు 283 ఏళ్ల ముందు జకోపో వెనిస్‌ను నైరుతి దిక్కున ఎంతో ఎత్తు నుంచి, రెక్కలు చాచి నిలిచిన పక్షి కళ్లతో చూపించాడు. మరి ఎక్కడ కూర్చుని గీశాడు? వెనిస్‌లో కొండ లేదు, గుట్ట లేదు. ఉన్నవల్లా గంటగోపురాలు. పేటకో చర్చి, చర్చికో గోపురం. పటం కోసం వేసిన ముడి బొమ్మలు ఒక్కటీ దొరకలేదు కాబట్టి పని జరిగిన తీరును పటాన్ని చూసే ఊహించాలి. గోపురాలెక్కి చుట్టుపక్కల కనిపించినంత మేర విడివిడిగా గీసుకుని, ఆ ముక్కలన్నీ తెచ్చి ఒకే కోణంలోకి కుట్టి ఉంటారు.

ఆ కుట్లు ఇవాళ్టి సర్వే పటం పక్కన పెడితే తెలుస్తాయి. కొన్ని పేటలు సాగాయి, కొన్ని కుంచించుకుపోయాయి, కాలువలు కొద్దిగా మెలి తిరిగాయి. ఊరి ఆకారం మొత్తం మీద నీళ్లలో ఈదుతున్న డాల్ఫిన్‌లా వచ్చింది. చిత్రమేమిటంటే విడిగా ఏ ఇంటి దగ్గర ఆగినా అది నిజం. వెనిస్ పాత ఇళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు 1500లో ఈ మూల ఏముండేదని ఇప్పటికీ ఈ పటాన్నే అడుగుతారు. పటం పట్టుకుని దారి వెతుక్కోబోతే మాత్రం పది నిమిషాల్లో ఏదో సందు చివర నీటి అంచున తేలతాం. దారి చూపడానికి చేసింది కాదిది.

* * *

ఒక సాయంత్రం దీని నకలును కంప్యూటర్ తెర మీద పెద్దది చేసుకుంటూ కూర్చున్నాను. రియాల్టో దగ్గర మొదలుపెట్టాను.

ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే రాతి వంతెన అప్పటికి లేదు. అది 1591కి గానీ పూర్తి కాలేదు. పటంలో ఉన్నది చెక్క వంతెన. నడుమ భాగం పైకి లేపేలా కట్టారు, తెరచాప స్తంభాలున్న పడవలు దాటడానికి. వంతెనకు ఈ పక్కన ఒక పెద్ద కట్టడం, దాని మీద పేరు చెక్కి ఉంది: జర్మన్ల కోఠీ. వెనిస్‌కు వచ్చిన జర్మన్ వర్తకులు అక్కడే దిగాలి, సరుకు అక్కడే దించాలి, ప్రభుత్వ దళారుల కళ్ల ముందే బేరం చేయాలి. చక్కగా సుంకం రాబట్టుకునే ఏర్పాటు. ఈ పటంలోని ఆ కోఠీ కట్టడానికి ఇక ఆయుష్షు ఎక్కువ లేదు. 1505 జనవరిలో ఒక రాత్రి తగలబడిపోయింది. తిరిగి కట్టాక గోడలకు జోర్జోనే, టిషియన్‌లు బొమ్మలు వేశారు.

తూర్పున ఆర్సెనల్, ఓడలు కట్టే ప్రభుత్వ కర్మాగారం. చుట్టూ బురుజుల గోడ, లోపల నీటి మడుగుల చుట్టూ వరుసగా కప్పు వేసిన షెడ్లు. సాన్ మార్కో రేవు ముందు ఓడలు గుంపులుగా నిలబడి ఉన్నాయి. చిన్న పడవల్లో నిలబడి తెడ్లు వేసేవాళ్లు పందెంలో ఉన్నట్టు ఒకే దిక్కుకు వంగి ఉన్నారు. జ్యుడెక్కా దీవిలో ఇళ్ల వెనుక తోటలు, పందిళ్లు. కప్పుల మీద అక్కడక్కడ చెక్క మంచెలు. ఆడవాళ్లు వాటి మీద కూర్చుని జుట్టు ఎండలో ఆరబెట్టుకుని బంగారు రంగు తెప్పించుకునేవారు. ప్రతి పేట మధ్యా ఒక ఖాళీ స్థలం, దాని నడుమ ఒక బావి గట్టు.

ఆ బావుల దగ్గర కాసేపు ఆగాలి. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు, అంతా ఉప్పు. కాబట్టి ఆ ఖాళీ స్థలమంతా ఒక గిన్నె. అడుగున బంకమన్ను మెత్తి, లోపల ఇసుక నింపి, పైన రాళ్లు పరిచేవారు. వాన నీరు రాళ్ల సందుల్లోంచి ఇసుకలోకి దిగి, వడకట్టుకుని, నడుమనున్న బావిలోకి ఊరేది. పొద్దున్నే బిందెలతో చేరే ఆడవాళ్లు, నీళ్ల దగ్గర తగాదాలు, ఊరి కబుర్లు. సుమారు లక్షమంది బతికిన ఊరికి వాన మీద అంత ఆశ. ఎండ కాస్తే పడవల మీద నది నీళ్లు తెచ్చి పోయాల్సిందే. ఊరిని ఇంత వైభవంగా చూపించాలనుకున్న పటంలో ఈ బావి గట్లను ఒక్కొక్కటిగా చెక్కించారంటే, అవి ఊరికి ఎంత ముఖ్యమో చెక్కించినవాళ్లకు తెలుసన్నమాట.

మనుషులు మాత్రం తక్కువ. పడవల మీద కొంత సందడి, నేల మీద దాదాపు నిశ్శబ్దం. లక్షమంది ఊళ్లో వీధులు ఇంత బోసిగా ఉండవు. కానీ జకోపోకు కావలసింది జనం కాదు. ఇటుక, రాయి, నీరు.

* * *

ఇప్పుడు పైకి చూడండి. మెర్క్యురీ చెంత లాటిన్‌లో ఒక మాట చెక్కి ఉంది. మిగతా వర్తక నగరాలన్నిటికన్నా ఈ నగరం మీదే తన చల్లని చూపని దాని భావం. కింద రేవు ముందు సముద్ర దేవుడు నెప్ట్యూన్, పొలుసుల చేప మీద స్వారీ చేస్తూ, త్రిశూలం పట్టుకుని. ఈ రేవులోనే కాపురముండి సముద్రాలను కాస్తున్నానని అతని మాట. చుట్టూ బుగ్గలు పూరించి ఊదుతున్న ఎనిమిది వాయుదేవతల తలలు. మెర్క్యురీ నుంచి నెప్ట్యూన్‌కు నిలువుగా గీత గీస్తే దాదాపు రియాల్టో బజారు, సాన్ మార్కో ఆ దారిలోనే తగులుతాయి. డబ్బు, అధికారం, సముద్రం ఒకే వరుసలో. నగరాన్ని కాపాడేది సెయింట్ మార్క్ అని వెనిస్ వాళ్లు రోజూ మొక్కుకునేవారు; పటంలో పెద్ద పీటలు మాత్రం రోమన్ దేవుళ్లకు దక్కాయి.

దేవుళ్లు ఇలా అభయమిస్తున్న ఏడాది వెనిస్‌లో నిజంగా ఏం జరుగుతోంది?

1499 ఫిబ్రవరిలో గార్జోని బ్యాంకు మూతపడింది. మేలో లిపోమానో బ్యాంకు. రియాల్టో వంతెన దగ్గర బల్లలేసుకుని కూర్చునే ఆ బ్యాంకుల్లోనే ఊరి డబ్బంతా. అదే ఏడాది ఆగస్టులో గ్రీసు తీరాన జోంకియో దగ్గర తుర్కుల నౌకాదళం ముందు వెనిస్ నౌకాదళం చేతులెత్తేసింది. లెపాంటో కోట పోయింది. దళపతి ఆంటోనియో గ్రిమానిని సంకెళ్లేసి ఊరికి తెచ్చారు. వీధుల్లో జనం తిట్టిపోశారు. (ఆ గ్రిమానినే 1521లో డోజ్‌గా, అంటే నగరాధిపతిగా ఎన్నుకున్నారు. వెనిస్ రాజకీయాల్లో మరుపు కూడా ఒక ఆయుధమే.) 1500 ఆగస్టులో మోడోన్ కోట, దాని వెంటే కోరోన్. ఆ రెంటినీ రిపబ్లిక్ రెండు కళ్లని పిలుచుకునేవారు. రెండు కళ్లూ పోయిన రెండున్నర నెలలకు కోల్బ్ తన పటం పట్టుకుని ప్రభుత్వం గడప తొక్కాడు. సముద్రాలను నేను కాస్తున్నానని నెప్ట్యూన్ చెబుతున్న పటం.

ఇంతకంటే లోతైన దెబ్బ ఇంకొకటి, దూరం నుంచి వస్తోంది. మలబారు మిరియాలు అరబ్ ఓడల్లో ఎర్ర సముద్రం దాటి కైరో, అలెగ్జాండ్రియా చేరేవి. అక్కణ్నుంచి వెనిస్ ఓడలు తెచ్చేవి. రియాల్టోలో దిగిన మూటలు జర్మన్ల కోఠీకి, కోఠీ నుంచి కంచరగాడిదల మీద ఆల్ప్స్ కొండలెక్కి ఆగ్స్‌బర్గ్, నూరెంబర్గ్ బజార్లకు. ఈ గొలుసులో తూర్పు కొస ఎక్కడో వెనిస్ వాళ్లకు తెలియక కాదు. వెనిస్ పక్కనే ఉన్న కియోజా మనిషి నికోలో డె కోంటి ఎన్నో ఏళ్ల కిందటే విజయనగరం దాకా వెళ్లి, చూసిందంతా తిరిగొచ్చి చెప్పాడు. కానీ ఐరోపా నుంచి అక్కడికి నేరుగా ఓడ వెళ్తుందని ఎవరనుకున్నారు?

1499లో వాస్కో డ గామా కాలికట్ చూసి లిస్బన్‌కు తిరిగొచ్చాడు. పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరాయన్న కబురు ముందుగా అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్‌కు వచ్చినప్పుడు, జిరోలామో ప్రియులి అనే వర్తకుడు దాన్ని తన దినచర్యలో రాసుకుని, నిజమైతే గొప్ప సంగతే గానీ నమ్మలేనని తేల్చేశాడు. 1501 వేసవిలో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ ఓడలు సరుకుతో లిస్బన్ చేరాక మాత్రం అదే ప్రియులి చేతి రాత మారిపోయింది. మన స్వాతంత్ర్యం పోవడం ఒక్కటి తప్పిస్తే వెనిస్‌కు ఇంతకంటే చెడ్డ వార్త ఉండదని వాపోయాడు. జర్మన్లు, హంగేరియన్లు ఇక మిరియాలకు లిస్బన్‌కే పోతారని లెక్కలు కట్టాడు. ఆ భయం అంత తొందరగా నిజం కాలేదు. పాత దారిలో మిరియాల వర్తకం మళ్లీ పుంజుకుని చాలా దశాబ్దాలు నడిచింది. కానీ 1501లో అది ఎవరికి తెలుసు?

ఈ రెండు తేదీల మధ్య, నమ్మని వార్తకూ నమ్మక తప్పని వార్తకూ నడుమ, అచ్చయింది జకోపో వెనిస్. దీన్ని ధీమా చూపిన పటమని చాలామంది రాశారు. నాకు అలా అనిపించదు. నిండుగా ఉన్న కొట్టు ముందు ఇంత పెద్ద బోర్డు ఎవరూ కట్టరు. అలాగని ఇది ప్రభుత్వం వేయించిన ప్రచారమూ కాదు. పరాయి ఊరినుంచి వచ్చి ఇక్కడ పొట్ట పోసుకుంటున్న వ్యాపారి సొంత సొమ్ముతో వేయించినది. వెనిస్ కలకాలం ఇలాగే ఉండాలని వెనిస్ వాళ్ల కంటే అతనికే ఎక్కువ అవసరం. పటం పై అంచున ఆల్ప్స్ కొండల మధ్య ఒక చిన్న పేరు చెక్కి ఉంది: సెరవాలె. జర్మనీకి పోయే దారిలో కనుమ మొదలయ్యే ఊరు. ఊరు దాటి బయట చూపించాల్సినవి ఎన్నో ఉండగా ఆ కనుమ ఊరికి పేరు పెట్టారు. కోల్బ్ సరుకు ఇంటికి వెళ్లే దారి అది.

* * *

పటంలో తేదీ రోమన్ అంకెల్లో పైనే ఉంది. కానీ ఈ పటం వయసును ఇంకా బాగా చెప్పేది సాన్ మార్కో గంటగోపురం. 1489లో పిడుగు పడి దాని కొస కాలిపోయింది. డబ్బుల్లేక పైన తాత్కాలికంగా చదునైన కప్పు వేసి వదిలేశారు. ఊరి గుర్తైన గోపురం అలా మొండిగా ఉంటే, జకోపో దాన్ని మొండిగానే గీశాడు. అందంగా చేయాలనుకుంటే పాత కొసను తగిలించడం ఎంతసేపు? పొగడడానికి పూనుకున్న పటంలో ఆ మొండి గోపురం ఉండటం వల్లే మిగతా బొమ్మను కూడా నమ్మబుద్ధవుతుంది.

1511లో భూకంపం వచ్చింది. ఆ తర్వాత కొత్త కొస కట్టి, 1513లో శిఖరాన బంగారు పూత దేవదూతను నిలిపారు. ఇప్పుడు పటం పాతబడింది. చెక్కలు ఇంకా బాగానే ఉన్నాయి, మరి అమ్మడమెలా? గోపురం ఉన్నచోట చెక్కను తొలిచి, కొత్త చెక్క ముక్క బిగించి, అందులో కొత్త గోపురం చెక్కారు. పైనున్న 1500 అన్న అంకెను చెరిపేశారు. ఏ ఏడు అచ్చు వేసినా సరికొత్త వెనిస్సే.

కథ అక్కడితో అయిపోలేదు. మరికొంత కాలానికి ఇంకెవరో అదే చెక్కను మళ్లీ మార్చారు, ఈసారి వెనక్కి. మొండి గోపురం తిరిగొచ్చింది, ముతక గీతల్లో. 1500 అంకె కూడా తిరిగొచ్చింది. కొత్తదిగా అమ్ముడుపోవాలని వయసు దాచుకున్న పటానికి, పాతది కావడమే విలువైపోయింది. ఆ గోపురం 1902లో ఒక జూలై పొద్దున నిలువునా కూలిపోయి, పదేళ్లకు అదే రూపంలో మళ్లీ లేచింది. అది వేరే సంగతి.

తొలి అచ్చు ప్రతులు ఇప్పుడు పదీ పన్నెండుకు మించి లేవు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఒకటుంది. ఆరు చెక్కలూ ఐదు వందల ఏళ్లు దాటినా వెనిస్ విడిచి పోలేదు. సాన్ మార్కో చౌకులోనే, కొర్రెర్ మ్యూజియంలో ఉన్నాయి. సిరా ఇంకి నల్లబడిన ఆ చెక్కల మీద ఊరు తలకిందులుగా కాదు, ఎడమకు కుడిగా ఉంటుంది. మెర్క్యురీ దండం అవతలి చేతిలో.

జకోపో మాత్రం తిరిగి రాలేదు. చక్రవర్తి తర్వాత సాక్సనీ ప్రభువు, బ్రాండెన్‌బర్గ్ ప్రభువు, చివరికి నెదర్లాండ్స్‌లోని మెఖెలెన్‌లో అక్కడి పాలకురాలు మార్గరెట్ కొలువు. 1504లో వేసిన చిన్న చిత్రం ఒకటి మ్యూనిక్‌లో ఉంది: గోడకు వేలాడుతున్న చచ్చిన కౌజు, ఇనుప చేతితొడుగులు, పక్కనే మడతలు పడ్డ కాగితం ముక్క మీద అతని సంతకం, పాముల దండం. ఊరంతటినీ గీసిన చెయ్యి ఆ కాగితం ముడతల మీద ఎంత శ్రద్ధ పెట్టిందో! వయసు మీద పడి ఒంట్లో బాగాలేదని మార్గరెట్ అతనికి భరణం ఏర్పాటు చేసింది. 1516 నాటికి అతను లేడు.

1521లో డ్యూరర్ మెఖెలెన్ వెళ్లాడు. మార్గరెట్ దగ్గర జకోపో చిన్న పుస్తకం ఒకటి ఉందని తెలిసి ఇవ్వమని అడిగాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కొలతల రహస్యం మీద ఆశ చావలేదేమో. తన ఆస్థాన చిత్రకారుడికి ఇస్తానని అప్పటికే మాటిచ్చేశానందామె. డ్యూరర్ ఆ సంగతి దినచర్యలో ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయాడు.

అదే ప్రయాణంలో, అంతకు ముందు 1520లో, బ్రస్సెల్స్‌లో డ్యూరర్ ఇంకొకటి చూశాడు. ఒక బార వెడల్పున్న బంగారు సూర్యుడు, అంతే పెద్ద వెండి చంద్రుడు. సముద్రం అవతల, సరస్సు నడుమ, కాలువలూ పడవలూ ఉన్న ఒక మహానగరం నుంచి వచ్చిన కానుకలవి. ఆ నగరం పటం 1524లో అచ్చయింది. అచ్చయింది మళ్లీ కోల్బ్ సొంత ఊరు నూరెంబర్గ్‌లోనే. చూసినవాళ్లకు వెంటనే వెనిస్ గుర్తొచ్చింది. పటం కొనుక్కుని గోడకు తగిలించుకున్నవాళ్లలో ఎందరికి తెలుసో, ఆ నగరం అప్పటికి మూడేళ్ల కిందటే నేలమట్టమైపోయిందని. దాని పేరు తెనోచ్తిత్లాన్. గీసిందెవరు, గీయించిందెవరు, నగరాన్ని కూల్చినవాడి ఉత్తరంతో పాటే ఆ పటం ఎలా బయటికొచ్చిందన్నది వచ్చే భాగంలో.